కామారెడ్డి, ఎల్లారెడ్డి: రెండు లుప్తపదముల చరిత్రము

తెలంగాణమున నిందూరుసీమకు దక్షిణభాగమునఁ గామారెడ్డి, ఎల్లారెడ్డి యను రెండు పట్టణములు గలవు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిని నిజామాబాదు జిల్లానుండి వేఱుపడిన కామారెడ్డి జిల్లాకు మొదటిది ముఖ్యపట్టణము. రెండవది యాజిల్లాలోనే యొక రెవెన్యూ విభాగమునకు స్థానము. ఈ రెండును మనుష్యుల పేళ్లు. “కామారెడ్డి వచ్చినది” అనినచో రైలుబండిలో నున్నవాఁడు మూట సర్దుకొనును. “కామారెడ్డి వచ్చెను” అనినచో నింటిలో నున్నవాఁడు పీట వేయును. ఊరికిఁ బురుషుని పేరు పెట్టుట దేశమంతటను గలదు. కాని యాపేరిపై పురము, పల్లె, పేట, పాడు మొదలగు నుత్తరపద మేదియు లేక కేవలపురుషనామమే యూరిపేరై నిలుచుట యరుదు. ఈ యరుదైన ప్రయోగ మెట్లు గలిగినదో విచారించితిమేని, దోమకొండ సంస్థానాధీశులగు కామినేనివారి చరిత్రమునందలి ముఖ్యాంశ మొకటి బయల్పడును. ఆవంశమును శౌర్యమునకుఁగా స్తుతించినవారును, కోటకుఁగా మెచ్చినవారును గలరు. ఆవంశము దేనిని నిర్మించెను, ఎవరికొఱకు నిర్మించెను, ఎవరిచేత నిర్మింపించెను అను మూఁడు ప్రశ్నలను శబ్దములయొద్దఁ నడిగి చూచుట యీ వ్యాసమున నుద్దేశింపఁబడినది.

ముందుగా నామములసంగతి. పాణిని దేశనామములకు నాలుగర్థములఁ జెప్పెను. ఒకవస్తు వచ్చట నుండుట, ఊరొకనిచే నిర్మింపఁబడుట, ఒకనికి నివాసమగుట, ఒకదానికి దూరము గాకుండుట యనునవి యాయర్థములు. కుశాంబునిచే నిర్మింపఁబడినది కౌశాంబి. ఇచ్చటఁ బ్రత్యయము చేరి రూపము మాఱినది. జనపదనామములయందో యాప్రత్యయమునకు లుప్పు గలిగి, పంచాలుర నివాసమగు దేశము పంచాలు రను పేరితోనే వ్యవహరింపఁబడును. వార్తికకారుఁడు వేఱొకత్రోవఁ జూపెను. ప్రత్యయము లేకున్నను సమాసమునఁ బూర్వపదమో యుత్తరపదమో లోపింపవచ్చు ననెను. సత్యభామ సత్యయుఁ గావచ్చును, భామయుఁ గావచ్చును. దేవదత్తుఁడు దత్తుఁ డగును. లోపించిన పదము చెవికి వినఁబడకున్నను దాని యర్థము మాత్రము పోదు. మిగిలిన పదమే దానిని మోయుచుండును. మన పట్టణముల పేళ్లు లుప్పువలనఁ గలిగినవా, ఉత్తరపదలోపమువలనఁ గలిగినవా?

దీనికి సమాధాన మూహింపఁ బనిలేదు. 1908 ప్రాంతమున నాంగ్లేయప్రభుత్వము ప్రకటించిన ఇంపీరియల్ గెజెటీరు సంపుటములలో నీరెండు తాలూకాలును గామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట యనియే కానవచ్చుచున్నవి. మెదకుసీమలోని సంగారెడ్డియు నందు సంగారెడ్డిపేటయే. కావున నిది యుత్తరపదలోపము. లోపించిన పదము పేట. అట్లయినచో నీప్రాంతముననే యున్న నాగిరెడ్డిపేటయందును, సిరిసిల్ల చెంతనున్న మఱియొక యెల్లారెడ్డిపేటయందును నది యేల లోపింపలేదని శంక గలుగవచ్చును. లోపము తఱచు వాడుకవలనఁ బుట్టును. కచేరీల కాగితములలోను, రాకపోకలవారి నోటను దినమునకు నూఱుమాఱులు పలుకఁబడిన పేరు తఱుగును. ఊరివారు మాత్రమే పలుకు పేరు చెక్కుచెదరక నిలుచును. తాలూకా స్థానములైన రెండూళ్లును దమ యుత్తరపదమును గోలుపోవుటకు నిదియే హేతువని తోఁచుచున్నది. సిరిసిల్లవైపు నెల్లారెడ్డిపేట పూర్ణరూపముతో నుండఁగా, దీనిని గుఱుచచేసి పలుకుట గుఱుతుపట్టుటకు ననుకూలించి యుండును.

ఇఁక పేట యనఁగా నేమి? తెలుఁగునఁ గోట, పేట యను రెండుపదములును జంటగాఁ బలుకఁబడును. కోట యేలువానిది, పేట వచ్చిపోవువారిది. కోటకు గోడయు నగడ్తయుఁ గావలెను. పేటకు నీరును, నీడయు, నంగళ్లును, రాత్రివేళఁ గావలియుఁ గావలెను. సాలెవాఁడు, కోమటి, పెరికెయెద్దులవాఁడు, బండివాఁడు, కాశికిఁబోవు యాత్రికుఁడు అందఱును బేటలో దిగుదురు. వీరిలోఁ బెక్కండ్రకు నది స్వస్థలము గాదు. కావునఁ బేటను గట్టించుట యనఁగా నిండ్లఁ గట్టించుట మాత్రమే గాదు. పరులకు దిగుటకుఁ దావిచ్చెదనని యొడఁబడుట. అమరసింహుఁడు సత్రశబ్దమునకు నాచ్ఛాదనము, యజ్ఞము, సదాదానము, వనము అను నాలుగర్థముల నిచ్చెను. పైకప్పును, ఎడతెగని యీవియు, చెట్లనీడయు నొక్కశబ్దమున నిమిడియున్నవి. మంచి పేటకుఁ గావలసినవియు నవియే. ఇట్లు చూచినచోఁ గామారెడ్డిపేట యను నామమునఁ బూర్వపదము నిర్మాతను, ఉత్తరపద మాతిథ్యమును జెప్పుచున్నవి.

ఈ నామములకు మూలమైన వంశముయొక్క ప్రాచీనస్థానము బిక్కనవోలు. నేఁటి బిక్కనూరే యది. కామారెడ్డికి దక్షిణమున హైదరాబాదు త్రోవలో నున్నది. అచ్చటి సిద్ధరామేశ్వరాలయము నేఁటికిని బ్రసిద్ధము. పదునాఱవశతాబ్ది యుత్తరార్ధమున, గోలకొండ కుతుబ్ షాహీల యేలుబడికాలమున, నీవంశమువాఁడగు కామినేని మల్లారెడ్డి కవియై వన్నెకెక్కెను. షట్చక్రవర్తిచరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము అతని కృతులు. అనంతరము వంశస్థానము దోమకొండకు మాఱెను. 1600 మొదలు 1640 వఱకు దోమకొండ నేలిన చిన కామిరెడ్డి పేరనే కామారెడ్డి వెలసినదని స్థానికచరిత్రకారులు చెప్పుదురు. అంతకుమున్ను కోడూ రని యాయూరికిఁ బేరుండెనని పెద్దల వాడుక. ఎల్లారెడ్డియు నీవంశమువాఁడే యని యాసీమ జనశ్రుతి. “చిన” యను విశేషణము వ్యర్థము గాదు. విశేషణము వ్యావర్తకము; చిన్నవాఁ డనఁగానే పెద్దవాఁ డొకఁడు ముందుండె నని తేలును. తాతపేరు మనుమనికిఁ బెట్టు మర్యాదనుబట్టి యాపేరు వంశమునఁ బ్రాఁతదే యనవచ్చును.

మల్లారెడ్డి గ్రంథములను గవిచరిత్రకారులు కవిత్వదృష్టితోఁ బరిశీలించిరి. నిర్మాతల వంశమునఁ బుట్టినవాఁడు దేనిని దెలిఁగించుటకుఁ గోరెనో చూచుటయు నుచితము. షట్చక్రవర్తులనఁగా హరిశ్చంద్రుఁడు, నలుఁడు, పురుకుత్సుఁడు, పురూరవుఁడు, సగరుఁడు, కార్తవీర్యుఁడు. వీరిలో మొదటి యిరువురును రాజ్యముఁ గోలుపోయి త్రోవఁబడినవారు. భారతకథలో నలుఁడు దమయంతిని విడిచిపోయిన స్థలము రాజగృహము గాదు. అరణ్యమార్గమునఁ బాంథులు దిగు నొక సభ. సభాశబ్దమున కాస్థానమే గాక దారిప్రక్క విడిదిల్లును నర్థమని యీ ఘట్టమే తెలుపుచున్నది. చక్రవర్తియైనను నొకనాఁటిరాత్రి పరుఁడెవఁడో కట్టించిన కప్పుక్రిందఁ దలదాఁచుకొనవలసి వచ్చునను నర్థ మాకథలో నిమిడియున్నది. ఇఁక శివధర్మోత్తరము శైవులకు దానధర్మములను బోధించు గ్రంథము. పుస్తకములను వ్రాయించి యిచ్చు విద్యాదానమును సంస్కృతమూలము విస్తరముగాఁ బ్రశంసించినది. అట్టి గ్రంథమును స్వయముగాఁ దెలిఁగించిన ప్రభువు వంశమువారు త్రోవలపైఁ బేటలు నిలుపుట యాశ్చర్యము గాదు.

ఇది కామినేనివారితోనే పుట్టిన యాచారమును గాదు. కాకతీయుల కాలమునుండియుఁ దెలుఁగుదేశమునఁ గట్టడమును, ఆతిథ్యమును నొక్కధర్మముగాఁ జూడఁబడినవి. గణపతిదేవుఁడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునకు వచ్చు నావికులగు వర్తకుల కభయ మొసఁగుచు శాసనము వేయించెను. రుద్రమదేవి కాలమున 1261లో వెలసిన మల్కాపురశాసనమున విశ్వేశ్వరశివాచార్యుని ధర్మములు గలవు. అందు దేవాలయముతోడ విద్యామంటపము, సత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల పేర్కొనఁబడినవి. గుడి కట్టించి యూరకుండుట చాలదనియు, గుడికి వచ్చువాని యాఁకలియు, జబ్బును, చదువును జూడవలెననియు నాకాలమువారి తలంపు. తనయ, తటాక, దేవాలయాదులైన సప్తసంతానములలోఁ బెక్కు పరులకొఱకే యున్నవిగదా.

బిక్కనూరు, కామారెడ్డులగుండఁ బోవు త్రోవ ప్రాధాన్యము వహించిన త్రోవ. గోలకొండనుండి యుత్తరదేశమునకు నిందూరు మీఁదుగాఁ బోవువారి మార్గ మీసీమలోనిదే. ఫ్రాన్సుదేశీయుఁడగు తేవెనో 1666-67 సంవత్సరములలో హిందూదేశమున సంచరించుచు ఔరంగాబాదునుండి యిందూరు, ఇందల్వాయి మీఁదుగా గోలకొండ చేరెను. ఇందల్వాయిలోఁ గత్తులును బాకులును జేయుదు రని యతఁడు వ్రాసెను. 1830లో చెన్నపట్టణమునుండి కాశికిఁ బయనమైన ఏనుగుల వీరాస్వామయ్యయు హైదరాబాదు దాఁటి నిర్మల, నాగపురముల త్రోవఁ బట్టెను. అతని కాశీయాత్రచరిత్రమును జదివినవారికిఁ బ్రయాణము చేయువాఁ డూరిని దేనినిబట్టి కొలుచునో తెలియును. దిగుటకు స్థల మున్నదా, అంగళ్లు గలవా, నీరు మంచిదా, సామాను దొరకునా యని యతఁడు మజిలీ మజిలీకిని విచారించి వ్రాసికొనెను. కోట యెంత యెత్తున్నదో పాంథునికిఁ బనిలేదు. పేటయందుఁ బొయ్యి రాఁజుకొనునా లేదా యనునదే వానికిఁ బని. కోటనుబట్టి వంశమును గొలుచు మనకును, పేటనుబట్టి కొలిచిన వీరాస్వామయ్యకును భేద మిదియే.

అట్లని కోట నుపేక్షింపరాదు. దోమకొండకోట సుమారు 40 యెకరముల వైశాల్యము గలది. చుట్టును రాతిగోడయు, నగడ్తయు. లోపల వేంకటభవనము, అద్దాలమేడ యను మందిరములు. మఱియొకచోఁ గాకతీయశిల్పరీతినున్న మహాదేవాలయము. ఇవన్నియు నొక్కకాలమునఁ గట్టఁబడినవి గావు. నల్లరాతిగుడి శైలి వేఱు, గచ్చుపనితో నొప్పు మేడల శైలి వేఱు. గోలకొండ, హైదరాబాదుల శిల్పరీతియు, పాశ్చాత్యరీతియు నామేడలయందుఁ గలసినవి. శిథిలమైయున్న యీకోటను వంశస్థులు కొన్ని యేండ్లు శ్రమించి పునరుద్ధరింపించిరి. 2022లో యునెస్కోవారు ఆసియా-పసిఫిక్ ప్రాంతమున వారసత్వసంపదను గాపాడినవారి కిచ్చు పురస్కారములలో నొకటి దోమకొండకు లభించెను. గోడలను సున్నముతోనే నిలిపి, ప్రాఁతపనివారి పద్ధతులనే పాటించుట ప్రశంసార్హము.

ఇచ్చట రెండవ లుప్తపదమును జెప్పవలసియున్నది. “దోమకొండకోటను గామినేనివారు కట్టిరి” అని బడిపుస్తకములలోను, నుపన్యాసములలోను వినుచుందుము. ఈవాక్యము వ్యాకరణముచేత శుద్ధమే, అర్థముచేత నశుద్ధము. వారు కట్టలేదు, కట్టించిరి. పాణినీయమున స్వతంత్రుఁడు కర్త. వానిని బ్రేరేపించువాఁడు హేతువనియుఁ గర్తయనియు రెండుపేళ్లు వడయును. అనఁగాఁ బ్రయోజకకర్త పుట్టినంతమాత్రమున మొదటి కర్త నశింపఁడు. ప్రయోజ్యకర్తయై యావాక్యమునందే నిలిచియుండును. తెలుఁగున “ఇంచు” అను రెండక్షరములు చేయుపని యిదియే. మన పూర్వుల శాసనములలో గుడి కట్టించెను, చెఱువు త్రవ్వించెను, దీపము పెట్టించెను అను ప్రయోగములే తఱచు. ఆశాసనములు వ్రాయించినవారు ప్రభువులే యైనను క్రియలోఁ బనివానికిఁ దావు విడిచిరి. మనమో ప్రభువును బొగడు తొందరలో నాతావునుగూడఁ దీసివేసితిమి.

ఆ “ఇంచు”లో నున్నవా రెవరు? రాతిని బగులఁగొట్టిన వడ్డెరలు, మన్ను మోసిన యుప్పరులు, రాతిని జెక్కిన కాసెవారు, తలుపుల నమర్చిన వడ్రంగులు, చీలలఁ గొట్టిన కమ్మరులు, గానుగలో సున్నము నూఱిన కూలివారు. వారికిఁ దగిన కూలి ముట్టినదా యను ప్రశ్నయు నాయక్షరములలోనే యున్నది. తెలంగాణమున “గడి” యను మాట వినఁగానే వృద్ధులకు గోడలసౌందర్యము గాదు, వెట్టిచాకిరి స్ఫురించును. దొరలయిండ్లకుఁ గూలి లేని పని చేసిన కులములవారి మనుమలు నేఁడు మన బడులలోఁ జదువుచున్నారు. 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీర్లు రద్దయిన పిమ్మట గడులు పెక్కు పాడువడుటకు ధనాభావ మొక్కటియే హేతువు గాదు. వానిని నిలుపవలెనను నపేక్ష గ్రామస్థులకు లేకుండుటయు హేతువే. కావున నేవంశచరిత్రమునైనను గేవలస్తోత్రముగా వ్రాయుట ధర్మము గాదు, కేవలనిందగా వ్రాయుటయుఁ జరిత్రము గాదు. కట్టించినవానిని, కట్టినవానిని, అందు దిగినవానిని మువ్వురను నొక్కవాక్యమునఁ జెప్పఁగలిగినప్పుడే యది చరిత్రము.

కామారెడ్డినుండి యెల్లారెడ్డికిఁ బోవు త్రోవలో లింగంపేట యున్నది. పేట యను పద మిందు లోపింపలేదు. అచ్చట నాగన్నబావి యని యొక మెట్లబావి కలదు. రాతిమెట్లు నాలుగువైపులనుండియు నీటివఱకు దిగుచుండును. మెట్లవరుసలనడుమ మంటపమువంటి కట్టడములు చల్లని నీడ నిచ్చును. ఇదియుఁ జిరకాలము పూడుకొనియుండి యీనడుమనే బాగుచేయఁబడినది. ఇది కామినేనివారిది గాదు. దీనిని గట్టించిన నాగన్న పేరు ప్రజలనోట నిలిచినది. అయినను నీసీమలో నిర్మాణధర్మ మొక్కవంశమునకే చెల్లినది గాదనుటకు నిది సాక్షి. కోటలోని యద్దాలమేడను జూచుటకు నాఁ డనుజ్ఞ కావలసియుండెను. త్రోవప్రక్క బావిలో నీరు త్రాగుటకుఁ గావలసినది దప్పికయే. అదియు నందఱకు సమముగా దొరకెనని చెప్పరాదు. కులభేదము బావిమెట్లమీఁదను గూర్చుండెను. పేటయొక్క యాతిథ్యమునకుఁగూడ నెల్ల యున్నదని మఱవరాదు.

పేట లోపించుటకు శబ్దశాస్త్రహేతువే గాక లౌకికహేతువును గలదు. పందొమ్మిదవ శతాబ్ది చివర గోదావరిలోయ రైలుమార్గము హైదరాబాదునుండి మన్మాడువైపు వేయఁబడి కామారెడ్డిమీఁదుగాఁ బోయెను. మూఁడుదినముల త్రోవ కొన్నిగంటల ప్రయాణమయ్యెను. మజిలీలు పోయినవి, రాత్రి దిగువాఁడు లేఁ డయ్యెను. యెల్లారెడ్డి చేరువనే 1923 మొదలు 1931 వఱకు మంజీరానదిపై నిజాంసాగరము కట్టఁబడెను. చెఱువులఁ ద్రవ్వించుట దొరలధర్మమై యుండినది ప్రభుత్వధర్మమయ్యెను. త్రోవయు, నీరును బ్రభుత్వమున కప్పగింపఁబడినపిమ్మటఁ బేటకుఁ బని తక్కువయ్యెను. పని లేని యుత్తరపదమును జనులనాలుక విడిచినది. మిగిలినది నిర్మాతపేరు మాత్రమే. ఈవిధముగా నెవరికొఱకుఁ గట్టించెనో యది పోయి, ఎవఁడు కట్టించెనో యది నిలిచినది.

ఈవిషయమును బడులలోని పండితులకు మనవిచేయుటకు హేతువు గలదు. “మీయూరికిఁ బే రెట్లు వచ్చినది?” అని యడిగినఁ బిల్లలు “కామారెడ్డి యను రాజుపేర” అని చెప్పుచున్నారు. ఆయుత్తరము తప్పు గాదు, సగము. లోపించిన పేటనుగూడఁ జెప్పింపవలెను. ఆపిల్లలచేతనే యూరూరను మిగిలియున్న మెట్లబావులు, చావడులు, సత్రములు, చలివేంద్రపుఁదొట్లు, గుఱ్ఱములను గట్టిన రాతిగుంజలు ఎక్కడెక్కడ నున్నవో వ్రాయింపవలెను. వానిని గట్టిన పనివారి పేళ్లు వారివారి యిండ్ల వృద్ధుల నడిగి చేర్పింపవలెను. కోటలను గాపాడుటకు వంశస్థులును, సంస్థలును ముందుకు వచ్చుచున్నారు. బావిగట్టును, చావడియరుఁగును గాపాడువారు తక్కువ. రోడ్డు వెడల్పుచేయునప్పుడు మొదటఁ బోవునవి యవియే. అవి యున్నంతకాలము లుప్తమైన పేటకు నర్థము నిలిచియుండును. అవికూడఁ బోయినపిమ్మట నది వ్యాకరణములోని లోపము మాత్రమే గాదు, చరిత్రములోని లోపమగును.